సోఫా బయటపెట్టిన సంగతి

నవ్వులు గుర్తుపెట్టుకుని, అడిగితే నోరు విప్పి చెప్పే సోఫాలు ఇంటింటికీ వచ్చేసిన కాలం అది. కాకినాడలో భుజంగరావు తన కొత్త అల్లుడు నిఖిలేశ్‌ని అలాంటి సోఫాలో కూర్చోబెట్టి, తనకు ప్రాణమైన పాత కామెడీ సినిమా చూపించాడు.

సినిమా అయ్యాక అల్లుడు, "నాకు పెద్దగా నవ్వు రాలేదు మామయ్యగారూ" అన్నాడు.

భుజంగరావు మొహం మాడిపోయింది. అల్లుడి ముందున్న కాజాల పళ్లెం తన వైపు లాక్కున్నాడు.

"అలగాల్సింది కొత్తల్లుడు కదండీ, మీరు అలుగుతారేంటి?" అంటూ భార్య త్రిపుర పళ్లెం మళ్లీ అల్లుడి ముందు పెట్టింది.

"ఈ సోఫాలోనే నలభైసార్లు చూసి పడీపడీ నవ్వాం," అన్నాడు భుజంగరావు. " మనిద్దరం పిచ్చోళ్లమా? కావాలంటే సోఫానే అడుగు!"

సోఫా గొంతు సవరించుకుంది.

"అయ్యగారు సినిమా చూసి ఒక్కసారీ నవ్వలేదండి. అమ్మగారు నవ్వుతుంటే ఆవిడను చూసి నవ్వారు. అమ్మగారు మొదటిసారి నిజంగానే నవ్వారు. మిగతా ముప్ఫై తొమ్మిదిసార్లూ అయ్యగారి సంతోషం కోసం నవ్వారు."

భార్యాభర్తలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"అంటే ఆ సినిమా మీక్కూడా..." అంటూ అల్లుడు మొదలుపెట్టాడు.

"మా సినిమాని ఒక్క మాటన్నా ఊరుకోం!" అన్నారిద్దరూ ఒకేసారి.

ఈసారి కాజాల పళ్లెం లాక్కున్నది త్రిపుర.