ఎడంచేతి వడ్డన

గోడ అవతల కంచం విసిరేసిన చప్పుడుకు జాహిదా చేతిలో గరిటె ఆగిపోయింది.

"ఎడంచేత్తో వడ్డించొద్దని ఎన్నిసార్లు చెప్పాలే నీకు?" దీపక్ గొంతు. వెంటనే చెంప పేలిన శబ్దం. ఆ వెనకే యోగిత ఏడుపు.

సింగపూర్‌లోని యూ టీ పేటలో ఆ ఫ్లాట్ల గోడలకు రహస్యాలు దాచే అలవాటు లేదు. ఆదివారం భోజనాల వేళ పక్కింట్లో ఈ భాగోతం మామూలే. యోగితది పుట్టుకతో వచ్చిన ఎడంచేతి వాటం. కుడిచేత్తో గరిటె పడితే పప్పు ఒలుకుతుంది, ఎడంచేత్తో పడితే మొగుడి చెయ్యి లేస్తుంది. ఆ మొగుడు తంజోంగ్ పగార్‌లో ఓ సాఫ్ట్‌వేర్ కంపెనీకి ప్రాజెక్ట్ లీడరు. వై టూ కే గండం తానొక్కడే గట్టెక్కించినట్టు మాట్లాడతాడు. లిఫ్టులో ఎదురైతే "బాగున్నారా ఆంటీ" అని ఎంత మెత్తగా పలకరిస్తాడో! ఆ మెత్తదనానికే జాహిదాకి ఒళ్ళు మండుతుంది.

ఇదివరకు ఒకసారి ఉండబట్టలేక పోలీసులకు ఫోన్ చేసింది. వాళ్ళు వచ్చేసరికి యోగిత కన్ను వాచి మూసుకుపోయి ఉంది. భార్యాభర్తల గొడవ కాబట్టి ఆవిడే కోర్టుకెళ్ళి ఫిర్యాదు పెట్టుకోవాలని చెప్పి, దీపక్‌ని మందలించి వెళ్ళిపోయారు. వాళ్ళ లిఫ్టు కిందికి దిగిందో లేదో, అతను బెల్టు తీశాడు.

మర్నాడు వంటింటి కిటికీ దగ్గర వెదురు గడకు బట్టలు గుచ్చుతూ, పక్క కిటికీలో ఉన్న జాహిదాతో యోగిత మెల్లగా చెప్పింది.

"మళ్ళీ పోలీసుల్ని పిలిస్తే ఇందులోంచి తోసేస్తాడంట ఆంటీ. బట్టలు ఆరేస్తూ జారిపడిందంటే ఈ ఊళ్ళో ఎవరైనా నమ్ముతారు అంటున్నాడు."

తొమ్మిదో అంతస్తు. జాహిదా కిందికి చూసి కళ్ళు మూసుకుంది. "ఇండియాకు ఎల్లిపోరాదు బిడ్డా?"

"పాస్‌పోర్టులు బీరువాలో పెట్టాడు. తాళాలు ఆయన దగ్గరే."

"యా అల్లా! ఏం ఊరో ఏమో. పెండ్లాన్ని కొడితే కోర్టుకు పొమ్మంటరు. పనిమనిషిని కొడితే మాత్రం అప్పటికప్పుడే బేడీలేసి తీస్కపోతరట. జైలు గూడ ఎక్కువేనట, పేపర్ల వచ్చింది."

లోపల యోగిత పిల్లాడికి ఉగ్గు తినిపిస్తున్న కొండమ్మ నవ్వింది. "నన్నెవరు కొడతారమ్మా? నాను దొరకొద్దేటి?"

కొండమ్మని నర్సీపట్నం నుంచి పిల్లాణ్ణి చూసుకోవడానికి తెచ్చుకున్నారు. దెబ్బలకు అడ్డం వెళ్ళబోతే యోగితే గదిలోకి తరిమేసేది, పిల్లాడు చూస్తాడని.

ఈ ఆదివారం ఏడుపు త్వరగానే సద్దుమణిగింది. జాహిదా నమాజు ముగించి లేచేసరికి మళ్ళీ దెబ్బలు. ఈసారి తిట్లు లేవు. కర్రతో పరుపు దులుపుతున్నట్టు ఒకదాని వెనక ఒకటి. ఆ తర్వాత ఎవరో నోరు నొక్కుకుని మూలిగారు.

తలుపు తీస్తే ఎదురుగా కొండమ్మ. కుడి కణత చిట్లి నెత్తురు మెడ మీదికి కారుతోంది. కుడి చెంప ఉబ్బిపోయింది. పెదవి పగిలింది.

"పోలీసోళ్ళకి ఫోను సెయ్యండమ్మా."

"నిన్ను గూడ కొట్టిండా కుక్క!"

"బేగి సెయ్యండమ్మా!"

జాహిదా పరుగున వెళ్ళి ఫోను అందుకుంది.

ఈసారి ఒక మలయ్ ఆఫీసరు, ఒక లేడీ పోలీసు వచ్చారు. దీపక్ లుంగీ సర్దుకుంటూ, నిద్రకళ్ళు నులుముకుంటూ తలుపు తీశాడు. చావగొట్టి పోయి పడుకున్నాడు, ఎంత నటన అనుకుంది జాహిదా. కొండమ్మకు ఇంగ్లీషు రాదు కాబట్టి ఆమెకు జాహిదాయే నోరైంది.

"ఎవరు కొట్టారు?" ఆఫీసరు అడిగాడు.

కొండమ్మ వేలు దీపక్ వైపు లేచింది. "ఈ బాబుగోరే. అప్పడాల కర్రట్టుకుని."

జాహిదా ఒక్క ముక్క కూడా పొల్లుపోకుండా, కసితీరా చెప్పింది.

"అబద్ధం!" దీపక్ అరిచాడు. "నేను పడుకున్నాను! దాన్ని ముట్టుకోలేదు! నేను కొట్టింది నా పెళ్ళాన్ని!"

నోరు జారాక నాలిక కరుచుకున్నాడు. ఆఫీసరు అతని ఎర్రబడ్డ అరచేతిని చూసి తల పంకించాడు. "ఇవాళే కొట్టారన్నమాట."

దీపక్ గిరుక్కున యోగిత వైపు తిరిగాడు. "చెప్పవే! దాన్ని నేను కొట్టడం చూశావా?"

యోగిత రెండు చేతులూ వెనక్కి పెట్టుకుని గోడకు అతుక్కుపోయింది.

"చూశాను."

"చంపేస్తానే నిన్ను!" అని దీపక్ ఆమె పీక పట్టుకున్నాడు. తల గోడకు కొట్టుకుంది. ఆఫీసరు అతని చెయ్యి విరిచి నేలమీద బోర్లా పడేశాడు. ముక్కు పగిలి పలకల మీద నెత్తురు చిమ్మింది. లేడీ పోలీసు వీపు మీద మోకాలు ఆనించి బేడీలు వేసింది. ఆ పెనుగులాటలో బీరువా తాళాలు జారిపడ్డాయి. యోగిత వాటిని పాదంతో నొక్కిపెట్టింది.

అతన్ని ఈడ్చుకుపోయారు. అంబులెన్స్ వస్తోందని చెప్పి లేడీ పోలీసు హాల్లో కూర్చుంది.

జాహిదా తువ్వాల్లో ఐసుముక్కలు చుట్టుకొచ్చేసరికి, వంటింట్లో యోగిత కొండమ్మ కాళ్ళు పట్టుకుని వెక్కివెక్కి ఏడుస్తోంది. ప్రాణం నిలబెట్టిందని దండం పెడుతోంది కాబోలు అనుకుని జాహిదా కూడా కళ్ళు తుడుచుకుంది.

కొండమ్మ ఐసు అందుకుంది. కానీ తన చెంపకు పెట్టుకోలేదు. యోగిత ఎడంచేతిని లాక్కుని, కందిపోయి బొబ్బలెక్కిన ఆ అరచేతిలో పెట్టి మూసింది.

"ఊరుకోండమ్మగోరూ, కొట్టమన్నది నానే గదా."