శాంపిల్ పిన్ని

"అదిగో, శాంపిల్ పిన్ని వస్తోంది. పళ్లేలు లోపల పెట్టేయండి!"

ముప్పై నిండని బేకరీ యజమాని అలా అరిచేసరికి పక్కనున్న పళ్ల కొట్టావిడ కోసిపెట్టిన జామముక్కల మీద గబుక్కున గిన్నె బోర్లించింది. చెప్పుల షాపాయన పగలబడి నవ్వాడు.

శాంపిల్ పిన్నికి యాభై దాటాయి. ఆ ఊరొచ్చి ఏడాదయింది. వీధి చివర ఒంటి గదిలో అద్దెకుంటోంది. చుట్టమని చెప్పుకోవడానికి ఊళ్లో ఎవరూ లేరు.

రోజూ పొద్దున్నే గుడ్డసంచీ పట్టుకుని బజారుకు వచ్చేది. ప్రతి కొట్టు ముందూ ఆగేది. రుచి చూడ్డానికి పెట్టిన ముక్క తీసుకుని, కళ్లు మూసుకుని, చాలాసేపు నమిలేది.

ఆఖర్న బేకరీ దగ్గర మాత్రం కళ్లు తెరుచుకునే తినేది.

"బాగుంది నాన్నా" అని చెప్పి వెళ్లిపోయేది.

"పచ్చిదైనా బాగుందే, మాడిందైనా బాగుందే. ఈవిడకి బాగోనిదంటూ ఉందా?" అన్నాడు చెప్పుల షాపాయన.

"ఊరికే ఇస్తే ఫినాయిలైనా తాగే రకం" అంది పళ్ల కొట్టావిడ.

"చూద్దామా?" అన్నాడు బేకరీ యజమాని.

ఏటా వానలు వెనకబట్టాక బజారు వీధి వాళ్లంతా ఒకరోజు కొట్లు కట్టేసి, పిల్లాపాపలతో బస్సులో ఏటి ఒడ్డుకు వెళ్తారు. రోజూ కొనుక్కునే వాళ్లనూ పిలుస్తారు. ఆ ఏడు శాంపిల్ పిన్నిని బేకరీ యజమానే పిలిచాడు.

"మీరు రాకపోతే ఎలా పిన్నీ? రుచి చెప్పేదెవరు?"

"నన్నేనా? నన్నేనా పిలుస్తున్నావు?"

ఆమె రెండుసార్లు అడిగింది.

ఆ రోజు బస్సు డ్రైవరు కంటే ముందే వచ్చి నిలబడింది. ఇస్త్రీ మడత నలగని బట్టలు, నున్నగా దువ్విన తల. దారి పొడుగునా ఎవరి పిల్లల్నో ఒళ్లో కూర్చోబెట్టుకుంది.

భోజనాలయ్యాక బేకరీ యజమాని అట్టపెట్టె తెరిచాడు.

"కొత్త రకం కేకు. మొదటి ముక్క మీకే పిన్నీ."

పైనా కిందా క్రీము. మధ్యలో పలకలా కోసిన బట్టల సబ్బు.

అందరూ చుట్టూ మూగారు. ఆమె ముక్క అందుకుని కొరికింది. అతని ముఖంలోకే చూస్తూ నమిలింది.

"ఎలా ఉంది?"

"బాగుంది నాన్నా. మెత్తగా జారిపోతోంది."

పెదవి చివర నురగ కనబడింది. ఎవరో కిసుక్కుమన్నారు.

"ఇంకో ముక్క?"

"పెట్టు. నీ చేత్తో చేశావు కదా!"

అతను రెండోదీ పెట్టాడు. ఆమె అదీ తింది. నురగ గడ్డం మీదికి కారింది. జనం పొట్టలు పట్టుకున్నారు.

పొద్దుటి నుంచీ ఆమె ఒళ్లో కూర్చున్న పాప అరిచింది.

"అమ్మమ్మా, అది సబ్బు!"

ఆమె నమలడం ఆపింది. వేలితో పెదవి తుడుచుకుని ఆ వేలి వంక చూసింది. తర్వాత నవ్వుతున్న ముఖాల వంక చూసింది.

ఏటి దగ్గరకు వెళ్లి, దోసిళ్లతో నీళ్లు పుక్కిలించి, పుక్కిలించి వచ్చింది. తిరుగు ప్రయాణంలో బస్సు చివరి సీట్లో ఒక్కతే కూర్చుంది.

మర్నాటి నుంచి బజారుకు రాలేదు.

"మహారాణి గారికి అలక!" అంది పళ్ల కొట్టావిడ.

పదో రోజు పొద్దున వీధి చివర ఢామ్మని పేలింది. ఆసుపత్రికి చేరేలోపే ఆమె పోయింది.

"అరగంట నుంచీ వీధంతా గ్యాసు కంపు. ఎక్కణ్ణుంచా అని మేం వెతుకుతూనే ఉన్నాం. ఈవిడేమో అదే గదిలో కూర్చుని, టీ కోసమని అగ్గిపుల్ల గీసింది" అంటూ ఇంటావిడ లబోదిబోమంది.

సాయంత్రానికి పొరుగూరి నుంచి ఆమె చెల్లెలు వచ్చింది. బజారు వాళ్లు మసిబారిన గది ముందు నిలబడి ఉన్నారు.

"అంత కంపు కొడుతుంటే అగ్గిపుల్ల ఎలా గీశారమ్మా?" అడిగాడు చెప్పుల షాపాయన.

"మా అక్కకి కంపూ తెలీదు, ఇంపూ తెలీదు అన్నయ్యగారూ. తలకు దెబ్బ తగిలి ముక్కూ నాలికా రెండూ చచ్చిపోయాయి. ఎప్పటికైనా రుచి తిరిగి రావచ్చు, రోజూ రకరకాలు నోట్లో వేసుకుని చూస్తూ ఉండమన్నాడు డాక్టరు. ఇరవై ఎనిమిదేళ్లుగా చూస్తూనే ఉంది."

ఆమె బజారు వాళ్ల వైపు తిరిగింది.

"మొన్న మీరంతా షికారుకు తీసుకెళ్లారట కదా. ఎలా జరిగిందే అంటే, బాగా జరిగిందే అంది."

"దెబ్బ... ఎలా తగిలింది?" అడిగాడు బేకరీ యజమాని.

"ఈ ఊళ్లోనే. బస్సు మారడానికి దిగిందట. ఎదురుగా మేడ తగలబడుతుంటే జనమంతా కింద నిలబడి కేకలేస్తున్నారు. ఇది మెట్లెక్కిపోయి, తొట్టెలో పసివాణ్ణి దుప్పట్లో చుట్టి తీసుకొచ్చింది. గుమ్మంలో దూలం నెత్తిన పడింది. వేరే ఊరి ఆసుపత్రిలో మూడు నెలలు తెలివి లేకుండా ఉంది. పేరైనా అడిగినవాళ్లు లేరు."

"మరి ఆ పిల్లాడు?"

"వాణ్ణి చూసుకోవడానికే ఇక్కడ గది తీసుకుంది. వాడికి చెప్పవే అక్కా అంటే, 'చెబితే నా ముందు తలొంచుకుంటాడే. వాడు తలెత్తుకు నవ్వుతుంటే చూడాలి నేను' అనేది."

"ఎవరమ్మా అతను?" పళ్ల కొట్టావిడ అడిగింది.

"పేరు చెప్పలేదు. బేకరీ మేడ మీది పిల్లాడు అనేది, అంతే."

ఆ ఊళ్లో మొదటినుంచీ బేకరీ ఒక్కటే. దాని మేడ మీద పుట్టి పెరిగిన బిడ్డ కూడా ఒక్కడే.