ఐరిస్ మడిలో నాసి మొక్క

మంచును తట్టుకుని, గింజ నుంచి మూడేళ్లకు పూసిన నా ఐరిస్ మొక్కను కూతురు చిజురు వేళ్లతో సహా పీకి గట్టవతల పారేసింది.

“కళ్లు నెత్తికెక్కాయటే?” అన్నాను.

“నీ కళ్లకే పొరలు కమ్మాయి నాన్నా. ఆ రేకులు చూడు, తడిసిన గుడ్డపేలికల్లా వేలాడుతున్నాయి. ఇలాంటిదాన్ని మడిలో ఉంచడానికి సిగ్గులేదూ?”

“నీకెందుకే? మళ్లు అమ్మెయ్యమన్నది నువ్వేగా.”

“అమ్మేదాకా చూసి చావాలిగా.”

ఆనందం పట్టలేక మొహం అటు తిప్పుకున్నాను. అది నాసిదని నాకూ తెలుసు. కుమమోతో ఊళ్లోని మా ఇంట్లో తరతరాలుగా తండ్రి ఏటా ఒక నాసి మొక్కను కావాలనే వదిలేస్తాడు. దాన్ని చూసి ఓర్చుకోలేని బిడ్డకే మళ్లు దక్కుతాయి. ఇన్నేళ్లూ నా బంగారుతల్లి అలాంటివాటి పక్కనుంచే నడిచిపోయింది.

“నించుని చూస్తావేం? పార ఇటివ్వు,” అని కసిరింది.

మా నాన్న నాకిచ్చిన పారను రెండు చేతులా అందించాను.