ముందు సీటు

"బేగి బిగించవయ్యా! అక్కడ పళ్ళు పులిసిపోతన్నాయి," అని అరిచాడు ఫణీంద్ర. పొద్దున్నుంచీ ఇదే అరుపు.

"తొందరపడితే మళ్ళీ పగిలిపోద్ది బాబూ," అన్నాడు మెకానిక్ శివకుమార్, బానెట్ లోంచి తలెత్తకుండానే.

అనంతగిరి ఘాట్ రోడ్డు పక్కన షెడ్డు. ఫణీంద్ర పికప్‌కి ఇన్‌టేక్ మానిఫోల్డ్, అంటే ఇంజనుకు గాలి పంచే గొట్టాల చట్రం, పగిలిపోయింది. బండి ఎత్తెక్కనని మొండికేసింది. విశాఖ నుంచి కొత్తది వచ్చేసరికి మధ్యాహ్నమైంది.

కొండ మీది గూడెంలో కోసిన కాఫీ పళ్ళు గుట్టగా పోసి ఉన్నాయి. సాయంత్రంలోగా మిల్లుకు చేరకపోతే పులిసిపోతాయి. ఇన్నేళ్ళూ అవి మనుషుల నెత్తి మీదే కిందికి దిగేవి. ఇప్పుడు దారి పడిందని కబురొచ్చింది. మొదటి బండి తనదే కావాలి, లేకపోతే ఆ గూడెం ఇంకో షావుకారు పాలవుతుంది. అదీ ఫణీంద్ర మంట.

ఆ మంటలో ఉండగా కనిపించాడు ముసలాయన. మాసిన తుండు, చేతిలో పొట్టి గునపం. పికప్ ముందు తలుపు తీసి, గునపాన్ని జాగ్రత్తగా సీటు మీద పెడుతున్నాడు.

"ఎవడ్రా నువ్వు? ఏటి సేత్తన్నావు?"

"ఈ బండి మా ఊరొస్తాది గదా బాబూ. ముందు సీట్లో కూకోమన్నారు."

"ఎవరు?"

"మా ఊరోలు."

"మీ ఊరోళ్ళు కొన్నారేటి బండి? ముందు సీటు కావాలా దొరగారికి!"

శివకుమార్ గాలి కారకుండా సందు మూసే గాస్కెట్ సర్ది, మానిఫోల్డ్ ఆనించి, నడిమి బోల్టుల నుంచి చివరలకు బిగించుకొస్తూ నవ్వాడు. "ఆ గునపం చూడండి బాబూ. అరిగి మూరెడు లేదు. పాత ఇనుముకి కూడా పనికిరాదు."

"బాబూ, నాను..."

ఫణీంద్ర వినలేదు. గునపం తీసి రోడ్డు మీదికి విసిరాడు.

"మళ్ళీ బండి ముట్టుకున్నావంటే కాళ్ళిరగ్గొడతాను. దొంగ మొహమూ నువ్వూ!"

ముసలాయన గునపం తీసుకున్నాడు. తుండుతో తుడిచాడు. కాఫీ మొక్కల్లోకి వెళ్ళిపోయాడు.

ఇంజను స్టార్టయింది. ఈసారి దమ్ము పట్టి లాగింది. కొత్త దారిలో మలుపు మలుపునా బండరాయి తొలిచి ఉంది. ఒక్క చోటా చక్రం జారలేదు.

గవర్నమెంటు కూడా అప్పుడప్పుడూ పని చేస్తుందన్నమాట, అని మెచ్చుకున్నాడు ఫణీంద్ర.

ఊరి మొదట్లో దారికి అడ్డంగా దుంగ, దాని చుట్టూ బంతిపూలు. డప్పులు మోగుతున్నాయి. స్వాగతం తనకేననుకుని ఫణీంద్ర మీసం దువ్వుకున్నాడు.

ఊరి పెద్ద కనక దండ పట్టుకుని ఎదురొచ్చింది. ముందు సీట్లోకి తొంగి చూసింది. ఆమె మొహం చూసి డప్పులు ఆగిపోయాయి.

"మా మంగ్లు తాత ఏడీ?"

"ఏ మంగ్లు? ముందు దుంగ తియ్యండి. పళ్ళు పులిసిపోతాయి."

"పులిస్తే పులవనీ. తాత దిగి తీస్తేనే ఊళ్ళోకి బండి. గునపం పట్టుకుని నీ బండికాడికే ఎల్లాడు."

ఫణీంద్ర ఖాళీగా ఉన్న ముందు సీటు వైపు చూశాడు. దుంగ అవతల, ఎండకు మగ్గిన పళ్ళ గుట్ట మీద ఈగలు ముసురుతున్నాయి.

"ఆ గునపం ఒకప్పుడు నిలువెత్తుండేది బాబూ," అంది కనక, దండను వెనక్కి తీసుకుంటూ. "నువ్వొచ్చిన దారంతా ఆయనొక్కడే తవ్వాడు, అదలా అరిగిపోయేదాకా."