రెండు గదుల డబ్బా

"పాటలన్న ఉండాలె, నేనన్న ఉండాలె అని అమ్మగారింటికి వోయింది అన్నా. గందుకే పెద్ద డబ్బా చెయ్యమంటున్న."

బాలనర్సింహ ఈ మాట అనేసరికి అంజన్ చేతిలో రంపం ఆగిపోయింది. హుస్సేనీ ఆలంలో కార్లకు స్పీకర్ డబ్బాలు చేసే అంజన్ దగ్గరికి రకరకాల పిచ్చివాళ్లు వస్తుంటారు. కానీ పాటల మీద అలిగిన పెళ్లాన్ని ఇంకా పెద్ద మోతతో తెచ్చుకుంటాననే మొగుణ్ణి చూడటం అతనికి ఇదే మొదలు. పుండు మీద కారం చల్లడమంటే ఇదే కదా!

"టేపు పీకేస్తే అయిపాయె గద."

"పీకేస్త అనే చెప్పిన. ఇంకింత ఏడ్చింది."

బాలనర్సింహది నయాపూల్ అడ్డాలో అంబాసిడర్ టాక్సీ. పొద్దస్తమానం టేపు మోగుతూనే ఉంటుంది, అతను స్టీరింగ్ మీద తాళం వేస్తూనే ఉంటాడు. పెళ్లయి ఏడాది తిరగలేదు. భార్య రాజమణి లేక ఇల్లు ఇల్లులా లేదని సిగ్గుపడకుండా చెప్పాడు. అంజన్ చేసిన రెండు గదుల డబ్బా ఉన్న ఒక సేఠ్ కారులో తాను ఓసారి వెనక సీట్లో కూర్చున్నాడట. అచ్చం అలాంటిదే కావాలన్నాడు.

అంజన్ ఓపిగ్గా చెప్పి చూశాడు. మామూలు డబ్బాలో స్పీకర్ మొహం బయటికి ఉంటుంది, పాట ఉన్నదున్నట్టు వస్తుంది. రెండు గదుల దాంట్లో స్పీకర్‌ను నడిమి గోడకు బిగించి లోపలే మూసేస్తారు. శబ్దం రెండో గదిలోంచి ఒక్క గొట్టం గుండా బయటికి రావాలి. అందులో మంచి లేదని కాదు. చిన్న యాంప్లిఫయర్‌కే డోలు దెబ్బ రెండింతలై వస్తుంది, సామాను తగిలి స్పీకర్ చిరగదు. అయితే ఆ దెబ్బ తప్ప ఇంకేదీ రాదు. గొంతు, వేణువు అన్నీ డబ్బాయే మింగేస్తుంది. డిక్కీ సగానికి పైగా పోతుంది. కొలత వేలెడు తప్పితే గోవిందా. లోపల స్పీకర్ కాలిపోతున్నా బయటికి తెలియదు, డబ్బా పగలగొట్టి చూసుకోవలసిందే.

"పాట లేని మోత ఇని ఎవరన్న తిరిగొస్తరా?" అన్నాడు చివరికి.

"గొంతు కోసం ముందట చిన్న స్పీకర్లు ఉన్నయి. గవి నాకు చాలు."

అంతటితో ఆగలేదు. ఏ కారుకైనా సీటు అదరకుండా డబ్బాకూ సీటుకూ నడుమ గోనెసంచి మడతపెట్టి కూరడం అంజన్ అలవాటు. అదీ వద్దన్నాడు. డబ్బాను వెనక సీటు వీపుకు ఆనించి బిగించమన్నాడు. అంజన్‌కు ఒళ్లు మండింది. తన చేతి డబ్బా ఒక కాపురాన్ని కూల్చిందంటే రేపు బజార్లో తలెత్తుకోగలడా? రాజమణిని తేబోయేటప్పుడు తానూ వెంట వస్తానన్నాడు. ఆమె కోప్పడితే అక్కడే ఊడబీకి, మామూలు డబ్బా పెట్టిస్తానన్నాడు.

నాలుగో రోజు పొద్దున డబ్బా బిగించిన టాక్సీలో ఇద్దరూ రాజమణి అమ్మగారింటికి చాంద్రాయణగుట్ట వెళ్లారు. అంజన్ ముందు సీట్లోనే కూర్చున్నాడు. బాలనర్సింహ వాకిట్లో నిలబడి భార్యను చాలాసేపు బతిమాలాడు. అత్త బాలమ్మ గడప దగ్గర కొంగు నోట్లో పెట్టుకుని చూస్తోంది. ఎట్టకేలకు రాజమణి వచ్చి వెనక సీట్లో ఓ మూలకు కూర్చుంది. కళ్లు ఉబ్బి ఉన్నాయి. అంజన్ పలకరిస్తే తల కూడా తిప్పలేదు. కోపం న్యాయమైనదే అనుకుని అతను ముందుకు తిరిగి కూర్చున్నాడు.

బాలనర్సింహ ముందు సీట్లోకి వచ్చి క్యాసెట్ పెట్టాడు.

ధమ్మని మొదటి దెబ్బ పడేసరికి వెనక సీటంతా అదిరింది. అద్దం వణికింది. అయిపోయింది, దిగి పోతుంది అనుకుని అంజన్ కళ్లు మూసుకున్నాడు. తలుపు తెరుచుకున్న చప్పుడు మాత్రం రాలేదు. కళ్లు తెరిచి అద్దంలో చూశాడు. రాజమణి రెండు అరచేతులూ సీటుకు ఆనించి, ఊపిరి బిగబట్టి కూర్చుంది. తర్వాత మెల్లగా వెనక్కి జరిగి వీపంతా సీటుకు ఆనించింది. కళ్ల నీళ్లు జారుతున్నాయి, పెదవులేమో నవ్వుతున్నాయి. పాట అయిపోగానే మొగుడి భుజం తట్టింది. అతను క్యాసెట్ వెనక్కి తిప్పి మళ్లీ పెట్టాడు.

అంజన్ ప్రాణం కుదుటపడింది. ఇన్నేళ్ల పనిలో ఇంత సంతోషం అతను ఎరగడు. వెనక్కి తిరిగి, డబ్బా ఎట్లున్నదమ్మా అని అడిగాడు. ఆమె సీటుకు ఆనుకుని అలాగే నవ్వుతోంది. మోతలో వినబడలేదేమోనని ఇంకా గట్టిగా అడిగాడు.

"ఆమెకు ఇనరాదన్నా, పుట్టినకాన్నుంచి చెవులు పనిజెయ్యవు," అన్నాడు బాలనర్సింహ, కళ్లు తుడుచుకుంటూ. "నేనొక్కన్నే పాటలింటున్ననని అలిగింది."