నడుముతో లేచే పురుగు

"ఏటి సేసేసావయ్యా!" కుళాయి నీళ్ళు పట్టుకొచ్చిన గౌరమ్మ బిందె దించేసి పరుగెత్తింది.

సన్యాసి మంచం పక్కన నేలమీద వెల్లకిలా పడి ఉన్నాడు. ఖిదిర్‌పూర్ ఓడరేవు డాక్‌లో దుంగ మీదపడి నడుం విరిగినప్పటి నుంచి అతని కాళ్ళు కదలవు. ఆమె లేపిన ప్రతిసారీ, "రేపట్నించి నానే లెగుస్తాను" అంటాడు.

అతని చేతి పక్కన ఓ పురుగు. ఓడలో వచ్చిన విదేశీ దుంగల్లో దొరికిందని తోటి కూలీ నిన్న సీసాలో పెట్టి తెచ్చిచ్చాడు. దాని భుజాల మీద మిణుగురులా వెలిగే రెండు పచ్చటి దీపాలు. అదీ వెల్లకిలానే ఉంది.

"దీనికి లెగడానికి కాళ్ళక్కర్లేదే గౌరీ. నడుం విదిలిస్తే సాలు. పొద్దున్నించి సూసి నేర్సుకున్నాను."

"నీకేటైనా పిచ్చా? ఉండు, నాను లేపుతాను."

"ఆగు. ముందు దాన్ని సూడు."

టిక్కుమంది. పురుగు గాల్లోకి ఎగిరి, కాళ్ళమీద పడి, దీపాలతో మంచం కిందికి నడిచిపోయింది.

సన్యాసి పళ్ళు బిగించి విదిలించాడు. తల ఒక్కటే లేచింది.

గౌరమ్మ అతని చంకల్లో చేతులు వేసి మంచం మీదికి చేర్చింది. అతని రేపటి మాట వినాలని కాసేపు నిలబడింది.

సన్యాసి మొహం గోడవైపు తిప్పుకున్నాడు.

"ఆ పురుగుని బయటొదిలేయే."