గాలాయన

రిటైరైన రోజున కండక్టరు వెంట పింఛను వచ్చింది గానీ, ఎడమ చెవి డిపోలోనే ఉండిపోయింది.

అందుకే, "ఆ పెద్దాయన నెలకో బల్ల మారతాడేంటమ్మా?" అని అడిగినప్పుడు, భోజనాల హాలు చూసుకునే మేనేజరమ్మ "ఖాళీ కోసమండీ" అంటే, ఆయనకు "గాలి కోసమండీ" అని వినిపించింది.

కండక్టరుకి తెలిస్తే బస్సంతటికీ తెలిసినట్టే. ఆయన చేరిన పెద్దల కాలనీలో మూడొందల మంది. వినపడేది సగం మందికే అయినా, వినిపించేవాళ్ళకు కొదవలేదు.

సాయంత్రం టీ వేళకల్లా ఆ పెద్దాయన పేరు గాలాయన అయిపోయింది.

నిజానికి అక్కడెవరికీ ఏ లోటూ లేదు. పొద్దున నడక, మధ్యాహ్నం కునుకు, సాయంత్రం పేకాట. పళ్ళున్నవాళ్ళకి పళ్ళు, లేనివాళ్ళకి పళ్ళరసం. హాల్లో ఇద్దరికో బల్ల. ఎవరి కుర్చీ వాళ్ళదే. కిటికీ పక్క బల్ల మీద అందరికీ కన్నుండేది గానీ, అది ఎప్పటినుంచో ఒక జంటది.

గాలాయన ఒక్కడికే స్థిరమైన కుర్చీ లేదు.

"ఈ నెల గాలి ఎటు మళ్ళిందండీ?" అని కండక్టరు హాలు ఈ చివరినుంచి అరిచేవాడు.

"మీ వైపు మాత్రం అక్కర్లేదండీ. అక్కడ మాటల్లోనే బోలెడు గాలి."

కండక్టరు బల్ల వంటింటి గోడ పక్కన. పైనున్న ఫ్యాను తిరగడం మానేసి చాలాకాలమైంది. అయినా ఆయన కదలలేదు, ఎదుటి కుర్చీ టైలరుది గనక. మూడేళ్ళుగా కండక్టరు కోతలు కోస్తే, టైలరు కుట్టేవాడు.

ఒక సోమవారం టైలరు పోయాడు.

కండక్టరు మూడు రోజులు హాలుకి రాలేదు. నాలుగో రోజు వచ్చాడు గానీ, ఎదుటి కుర్చీ చూసి కంచం ముట్టకుండా లేచిపోయాడు. మర్నాడూ అంతే. వారానికి ప్యాంటు వదులైంది. బిగించి కుట్టేవాడా, లేడు.

"ఇట్లాగే ఉంటే మంచానికి అతుక్కుపోతారు" అన్నాడు డాక్టరు.

తొమ్మిదో రోజు గాలాయన కంచంతో వచ్చి టైలరు కుర్చీలో కూర్చున్నాడు.

"లేవండి. అది మనిషున్న సీటు."

"రుమాలేం కనపడలేదండీ."

"ఇక్కడ ఫ్యానే తిరగదు. చచ్చిపోయినవాడి సీటు కూడా వదలవా నువ్వు, గాలి కోసం?"

గాలాయన మెడ మీది చెమట తుడుచుకున్నాడు.

"ఆ ఉప్పు కాస్త ఇటు జరుపుతారా?"

కండక్టరు జరపలేదు, తోశాడు.

"టైలరు గారు నాకో చొక్కా కుట్టారండి" అన్నాడు గాలాయన, ఉప్పు చల్లుకుంటూ. "ఎడమ చెయ్యి పొడుగు."

కండక్టరు ఉండబట్టలేకపోయాడు.

"ఎడమది కాదు, కుడిది. వాడికి కుడి చెయ్యి ఎప్పుడూ కుదరదు. నా పెళ్ళిరోజు చొక్కాకీ అంతే చేశాడు."

"అవునా? ఇంకా ఎవరివి పాడుచేశారు?"

కండక్టరు చెప్పడం మొదలుపెట్టాడు. చెబుతూ చెబుతూ, కంచం ఎప్పుడు అయిపోయిందో చూసుకోలేదు.

ఏడు వారాలు అట్లా గడిచాయి. ప్యాంటు మళ్ళీ నడుము మీద నిలబడింది. అప్పుడు కొత్తగా చేరిన పోస్టుమాస్టరుకి ఆ కుర్చీ ఇచ్చారు.

గాలాయన కంచం తీసుకున్నాడు. "గాలి మారిందండీ, వస్తా."

కండక్టరుకి చివుక్కుమంది. ఆ రోజు అన్న మాట వెనక్కి తీసుకోవాలని ఉన్నా, ఇట్లా లేచిపోయేవాడికి ఏం చెబుతాంలే అనుకున్నాడు. మనసు మెత్తబడినప్పుడు కూడా, రేపు చూద్దాం అనుకున్నాడు.

ఆ రేపు రాలేదు. ఒక మధ్యాహ్నం కునుకు తీసిన గాలాయన మళ్ళీ లేవలేదు.

మర్నాడు హాల్లో, రిటైరైన నర్సమ్మ తన బల్ల దగ్గర ఒక్కతే కూర్చుని ఉంది. రెండు నెలల కిందట, ఆమె ఎదుట కూర్చునే అక్క పోయింది. అప్పటినుంచీ ఎదురుగా కూర్చున్నది గాలాయనే. ఇప్పుడామె అన్నం కెలుకుతోంది, తినడం లేదు.

కండక్టరు మేనేజరమ్మ దగ్గరికి వెళ్ళాడు.

"ఆయన గాలి కోసమే తిరిగాడంటారా?"

"గాలేంటండీ? ఖాళీ అని కదా నేను చెప్పింది."

తర్వాత ఆమె చాలాసేపు చెప్పింది. కండక్టరు కుడి చెవి ఒగ్గి విన్నాడు.

"మరి ఇన్నాళ్ళూ మాకు చెప్పలేదేంటమ్మా?"

"చెబుతానన్నానండి. ఆయనే వద్దన్నారు. నిజం తెలిస్తే తనని చూడగానే పోయినవాళ్ళు గుర్తొస్తారు, గాలంటే నవ్వుతారు, నవ్వనీ అన్నారు."

కండక్టరు తన బల్ల దగ్గరికి వచ్చి కంచం తీసుకున్నాడు.

"పోస్టుమాస్టరు గారూ, కుర్చీ లాక్కుని నాతో రండి. ఇద్దరి సీటే, ముగ్గురం సర్దుకుందాం."

ఇద్దరూ వెళ్ళి నర్సమ్మ బల్ల దగ్గర కూర్చున్నారు.

"ఆ ఉప్పు ఇటు జరపమ్మా" అన్నాడు కండక్టరు.

"ఏం కండక్టరూ, నువ్వూ గాలికి బయల్దేరావా?" అని ఎవరో వెనకనుంచి అన్నారు. హాలు నవ్వింది.

కండక్టరు లేచి నిలబడ్డాడు. స్టాపుల పేర్లు చెప్పిన గొంతు అది. చెవిటివాళ్ళు కూడా తలెత్తారు.

"తప్పు నా చెవిదండీ. మేనేజరమ్మ చెప్పింది ఖాళీ, నేను విన్నది గాలి. ఆయన భార్య పోయాక, ఎదుటి కుర్చీ చూసుకుంటూ ముప్పై తొమ్మిది రోజులు ఒక్కడే తిన్నాడట. మర్యాద కొద్దీ ఎవరూ అందులో కూర్చోలేదు. నలభయ్యో రోజున, ఇంకెవరి ఎదుటైనా కుర్చీ ఖాళీ అయితే, కొత్త మనిషి వచ్చేదాకా తనని అక్కడ వెయ్యమన్నాడట."

కిటికీ పక్క దంపతుల వైపు తిరిగాడు. గొంతు కాస్త తగ్గింది.

"హాల్లో అన్నిటికన్నా ఎక్కువ గాలొచ్చే ఆ బల్ల ఆయనదేనండీ, మీరు చేరిన రోజున మీకు ఇప్పించి వచ్చేశాడు."